ఎవరి ఓడని అడగని దీపం

ఒకే గుట్ట మీద ఒక కోట, ఒక దీపస్తంభం. వచ్చే ఓడ ఎవరిదో చూసి కాల్చడానికి కోట. ఎవరిదైనా సరే దారి చూపడానికి దీపం. అమెరికా ఈశాన్య కొసన, మెయిన్ రాష్ట్రంలోని ఫోర్ట్ విలియమ్స్ పార్కులో ఆ కోట ఫిరంగులు ఎప్పుడో తరలిపోయాయి. 1791లో తొలిసారి వెలిగిన దీపం మాత్రం ఈ రాత్రి కూడా నాలుగు సెకన్లకోసారి మెరుస్తుంది.

పోర్ట్‌లాండ్ నగరం నుంచి కారులో పావుగంట దక్షిణానికి వెళ్తే కేప్ ఎలిజబెత్ అనే చిన్న ఊరు వస్తుంది. జనాభా పదివేల లోపే. ఊరి షోర్ రోడ్డు మీంచి సముద్రం వైపు తిరిగితే తొంభై ఎకరాల పచ్చిక. పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటారు, పెద్దవాళ్లు దుప్పట్లు పరుచుకుని ఎండ కాగుతుంటారు. సముద్రం చప్పుడు ముందు వినిపించి తర్వాత కనిపిస్తుంది. ఆ తర్వాత నల్లరాళ్ల కొస మీద పైకి పోనుపోను సన్నబడే తెల్లని స్తంభం, పక్కనే ఎర్ర కప్పు ఇల్లు. పేరు పోర్ట్‌లాండ్ హెడ్ లైట్. అమెరికాలో అత్యధికంగా ఫొటోలకెక్కిన దీపస్తంభాల్లో ఇదొకటి. ఆకులు రంగు మారే అక్టోబరులో బోస్టన్, న్యూజెర్సీల నుంచి వచ్చే తెలుగు కుటుంబాలకూ ఇది తప్పనిసరి మజిలీ. బల్లల మీద పులిహోర డబ్బాలు విప్పుతూ 'ఇటు చూడు నాన్నా, ఒక్క ఫొటో' అనే మాట ఇక్కడ కొత్తేమీ కాదు.

ఫొటో తీసుకుని వెనుదిరిగితే అందమైన చోటు చూశామన్న తృప్తి దక్కుతుంది. ఇంకో రెండు గంటలు ఆగి ఇక్కడి రాళ్లనీ గోడలనీ చదివితే, ప్రభుత్వం దేనికి ఉండాలి, ఊరు దేన్ని కాపాడుకోవాలి అన్న ప్రశ్నలకు ఒక జవాబు దొరుకుతుంది.

పొలాల్లో ఏరిన రాళ్లతో

ఈ స్తంభం కట్టేనాటికి అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చి ఎంతో కాలం కాలేదు. మెయిన్ అప్పటికి విడి రాష్ట్రం కూడా కాదు, మసాచుసెట్స్‌లో భాగం. 1775లో బ్రిటిష్ నౌకలు కాల్చి బూడిద చేసిన పోర్ట్‌లాండ్ రేవు పట్టణం మళ్లీ నిలదొక్కుకుంటోంది. కలప, చేపలు ఓడలకెక్కుతున్నాయి. కానీ రేవు ముఖద్వారం నిండా దీవులు, నీటి కింద దాగిన రాతి తిప్పలు. చీకట్లో లోపలికి రావడమంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమే. 1787లో దగ్గర్లోని దీవి వద్ద ఓడ పగిలి ఇద్దరు చనిపోయాక, దీపం కావాలన్న మొర బలపడింది. మసాచుసెట్స్ ప్రభుత్వం పని మొదలుపెట్టింది. డబ్బు చాలక పని కుంటుపడింది.

ఈలోగా కొత్త రాజ్యాంగం కింద కేంద్ర ప్రభుత్వం ఏర్పడింది. దాని చట్టసభ అయిన తొలి కాంగ్రెస్ చేసిన తొమ్మిదో చట్టం, 1789 ఆగస్టు 7న ఆమోదం పొందినది, దేశంలోని దీపస్తంభాలన్నిటి బాధ్యతను కేంద్రం నెత్తికెత్తింది. ఖజానా ఖాళీగా ఉన్న, యుద్ధపు అప్పులు తీరని దేశం అది. అయినా మొట్టమొదట చేసిన కొద్ది పనుల్లో సముద్రం మీద ఉన్నవాళ్లకు వెలుతురు చూపే పని ఒకటి. మరుసటి ఏడాది ఈ స్తంభం పూర్తి చేయడానికి 1500 డాలర్లు మంజూరయ్యాయి.

కట్టినవాళ్లు జొనాథన్ బ్రయంట్, జాన్ నికల్స్ అనే ఇద్దరు స్థానిక తాపీ మేస్త్రీలు. పొదుపుగా కట్టండి, రాయి కోసం దూరం పోకుండా చుట్టుపక్కల పొలాల్లో, ఒడ్డున దొరికేదే వాడండి, ఎడ్లతో లాగించండి అన్నది అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ నుంచి వచ్చిన సూచన. ముందు అనుకున్న ఎత్తు 58 అడుగులు. అంత ఎత్తుకు కట్టాక చూస్తే దక్షిణాన ఉన్న కొండకొమ్ములు అడ్డొచ్చి అటునుంచి వచ్చే ఓడలకు వెలుగు కనబడదని తేలింది. 72 అడుగులకు పెంచమన్నారు. అది నచ్చక బ్రయంట్ పని మానుకుంటే నికల్స్ ఒక్కడే ముగించాడు. 1791 జనవరి 10న, గడ్డకట్టే చలిలో, పదహారు తిమింగలం నూనె దీపాలు ఒక్కసారిగా వెలిగాయి.

దగ్గరికెళ్లి గోడను తడిమి చూడండి. తెల్ల రంగు కింద రాళ్ల ఎగుడుదిగుళ్లు వేళ్లకు తెలుస్తాయి. రైతుల నాగళ్లకు అడ్డుపడిన రాళ్లూ, అలలు ఒడ్డుకు తోసిన రాళ్లూ రెండు శతాబ్దాలకు పైగా నావికుల కోసం నిలబడి ఉన్నాయి.

రాత్రంతా మెలకువ

ఈ దీపాన్ని కాచిన తొలి కీపర్ జోసెఫ్ గ్రీన్‌లీఫ్. స్వాతంత్ర్య యుద్ధంలో పాల్గొన్న కెప్టెన్. ఆయన్ను నియమించింది వాషింగ్టనే. మొదట్లో జీతం లేదు. ఇంట్లో ఉండొచ్చు, చేపలు పట్టుకోవచ్చు, చుట్టూ నేల సాగు చేసుకోవచ్చు, అంతే. దానికి బదులు ప్రతి రాత్రీ నూనె మోసుకుని మెట్లెక్కాలి, ఒత్తులు కత్తిరించాలి, అద్దాలకు పట్టిన మసి తుడవాలి, శీతాకాలంలో గాజు మీద పేరుకునే మంచు గీకాలి. నాలుగేళ్లు ఆ పని చేసి 1795లో తన పడవలోనే ప్రాణం వదిలాడు.

దీపం వెలిగినంత మాత్రాన సముద్రం లొంగలేదు. 1864 ఫిబ్రవరి 22 రాత్రి లివర్‌పూల్ నుంచి వస్తున్న 'బొహీమియన్' అనే ఆవిరి ఓడ కేప్ ఎలిజబెత్ దగ్గర నీటి అడుగు బండకు తగిలి మునిగింది. కూలి బతుకు వెతుక్కుంటూ బయలుదేరిన ఐరిష్ పేదలు అందులో ఎక్కువ. సుమారు నలభై మంది పోయారు. ఆ మరుసటి ఏడాది స్తంభాన్ని ఇరవై అడుగులు పెంచి, శక్తిమంతమైన రెండో శ్రేణి ఫ్రెనెల్ కటకం బిగించారు. ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త అగస్టిన్ ఫ్రెనెల్ రూపొందించిన ఈ కటకంలో మందపాటి ఒంటి గాజుకు బదులు వలయాలుగా పేర్చిన పట్టకాలుంటాయి. ఆకాశంలోకీ నేల మీదికీ వృథాగా పోయే వెలుతురును అవి వంచి, పోగుచేసి, దిగంతం వైపు ఒక్క పట్టీగా పంపుతాయి. దీపం అదే, చేరే దూరం మాత్రం ఎన్నో రెట్లు.

1869లో బాధ్యత తీసుకున్న జాషువా స్ట్రౌట్ 1904 దాకా ఇక్కడే ఉన్నాడు. ఆయన భార్య మేరీ జీతం తీసుకునే సహాయక కీపర్. తర్వాత కొడుకు జోసెఫ్ 1928 వరకూ. ఒక్క కుటుంబం దాదాపు అరవై ఏళ్ల పాటు ఒక దీపాన్ని కాచింది.

ఆ కుటుంబాన్ని తలచుకోవడానికి స్తంభం పక్క బండ దగ్గర ఆగాలి. దాని మీద తెల్ల రంగుతో రాసిన అక్షరాలుంటాయి: ఒక ఓడ పేరు, 1886 క్రిస్మస్ ముందు రాత్రి అన్న తేదీ. బ్యూనస్ ఎయిర్స్ నుంచి క్యూబెక్ వెళ్తున్న 'ఆనీ సి. మగ్వైర్' అనే తెరచాప ఓడ ఆ రాత్రి నేరుగా దీపస్తంభం కిందున్న రాళ్ల మీదికే వచ్చింది. వెలుగుతున్న దీపం ముందే ఎలా తగిలిందన్న దానికి ఈనాటికీ సరైన జవాబు లేదు. జాషువా, మేరీ, జోసెఫ్ బయటికి పరుగెత్తారు. ఒడ్డుకీ ఓడకీ మధ్య నిచ్చెన వేశారు. కెప్టెన్, అతని భార్య, కొడుకు, నావికులు అందరూ ఆ నిచ్చెన మీదుగా నేల మీదికి వచ్చారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఎవరు, ఏ దేశం, ఎందుకొచ్చారు అన్న మాట ఆ రాత్రి పుట్టి ఉండదు.

పక్కనే ఫిరంగులు

దీపస్తంభానికి వీపు తిప్పి గుట్ట ఎక్కితే ఇంకో కథ మొదలవుతుంది. గడ్డిలో సగం పూడిపోయిన కాంక్రీటు గోడలు, కిందికి దిగే మెట్లు, తుప్పు మరకలు. ఇది ఫోర్ట్ విలియమ్స్.

పోర్ట్‌లాండ్ రేవును శత్రు నౌకల నుంచి కాపాడాలని సైన్యం 1870లలో ఇక్కడ స్థలం తీసుకుంది. 1899లో దీన్ని పూర్తి స్థాయి కోటగా ప్రకటించి, మెయిన్‌కు చెందిన సైన్యాధికారి సెత్ విలియమ్స్ పేరు పెట్టారు. ఇక్కడి బ్యాటరీ బ్లెయిర్ అనే ఫిరంగి స్థావరంలో 12 అంగుళాల గొట్టం ఉన్న రెండు భారీ ఫిరంగులుండేవి. వాటి పనితనం మన ఏతాం లాంటిది. బరువు ఒకవైపు దిగితే ఫిరంగి గోడ మీదికి లేస్తుంది, పేలిన దెబ్బకు మళ్లీ గోడ చాటుకు దిగిపోతుంది, ఆ చాటులోనే తిరిగి మందు కూరుతారు. సముద్రం మీంచి చూసేవాడికి పచ్చని గుట్ట తప్ప ఏమీ కనబడదు.

ఇంత ఏర్పాటు చేసినా ఆ పెద్ద ఫిరంగులు శత్రువు మీద ఒక్కసారీ పేలలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పోర్ట్‌లాండ్‌ను ఆనుకున్న కాస్కో అఖాతం అమెరికా యుద్ధనౌకలకు ముఖ్య స్థావరం. శత్రు జలాంతర్గాములకు గుర్తు కాకూడదని దీపాన్ని మూడేళ్ల పాటు ఆర్పేశారు. భయం ఎంత గట్టిగా ఏలితే ఇలాంటి దీపం ఆరిపోతుందో చెప్పడానికి ఆ మూడేళ్లే కొలత.

యూరప్‌లో ఆ యుద్ధం ముగియడానికి పక్షం రోజుల ముందు, 1945 ఏప్రిల్ 23న, ఈ తీరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే 'ఈగిల్ 56' అనే అమెరికా నౌక పేలి రెండు ముక్కలైంది. 49 మంది చనిపోయారు, 13 మంది బతికారు. బాయిలర్ పేలిందని నౌకాదళం తేల్చేసింది. బతికినవాళ్లు జలాంతర్గామిని చూశామన్నా పట్టించుకోలేదు. జర్మన్ జలాంతర్గామి యు-853 దెబ్బకే అది మునిగిందని నౌకాదళం ఒప్పుకోవడానికి 2001 వరకూ పట్టింది. ఆ నావికుల స్మారకం ఈ పార్కులోనే ఉంది. ఖాళీ ఫిరంగి గుంతలు చూసి వచ్చి దాని ముందు నిలబడితే, గోడలు ఎంత వరకు కాపాడగలవో అర్థమవుతుంది.

ఊరు కొనుక్కున్న కోట

క్షిపణుల కాలం వచ్చాక తీర ఫిరంగులకు పని లేకుండా పోయింది. 1960ల మొదట్లో కోట మూతపడింది. కిటికీలు పగిలిన బ్యారకులు, ముళ్లపొదలు, కానీ అద్భుతమైన సముద్రతీరం. ఇలాంటి స్థలం మిగిలితే ఏమవుతుందో మనకు తెలియంది కాదు. కంచె పడుతుంది, తర్వాత గేటు, ఆ తర్వాత ఎవరివో భవంతులు. కేప్ ఎలిజబెత్ ఇంకో దారి పట్టింది. 1964లో రెండు లక్షల డాలర్లిచ్చి ఊరే కోటను కొనేసింది. 1979లో అధికారికంగా పార్కు చేసింది. 1993లో దీపస్తంభం కూడా ఊరి చేతికొచ్చింది. దీపం, పొగమంచు హారన్ మాత్రం ఇప్పటికీ తీర రక్షక దళం చూసుకుంటోంది.

దానికి ముందే, 1989 ఆగస్టు 7న ఇక్కడి దీపం యంత్రాల చేతికి వెళ్లింది. దీపస్తంభాల చట్టానికి సరిగ్గా రెండు వందల ఏళ్లు నిండిన రోజు అది. కీపర్ల వరుస ముగిసింది. 1891లో కట్టిన వాళ్ల ఇల్లే ఇప్పుడు మ్యూజియం.

పచ్చిక మధ్య కప్పు లేని రాతి భవనం ఒకటి కనిపిస్తుంది. కలప వ్యాపారి, సైనికాధికారి జాన్ గొడార్డ్ 1850లలో కట్టించుకున్న మేడ. తర్వాత సైన్యం తీసుకుంది. పాడుపడిన లోపలి భాగాన్ని 1981లో అగ్నిమాపక సిబ్బందే కాల్చేయగా రాతి గోడలు మిగిలాయి. ఒకప్పుడు ఒక్క కుటుంబానికే దక్కిన సముద్ర దృశ్యం ఇప్పుడు ఊరందరిదీ, వచ్చిన వారందరిదీ.

ఈ చోటును అలా అందరిదిగా ముందే చూసినవాళ్లు కళాకారులు. పోర్ట్‌లాండ్‌లో 1807లో పుట్టిన కవి హెన్రీ వాడ్స్‌వర్త్ లాంగ్‌ఫెలో ఇక్కడికి నడిచొచ్చి కీపర్లతో కబుర్లు చెప్పుకునేవాడు. దీపస్తంభం మీద ఆయన కవిత ప్రసిద్ధం. చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ 1927లో ఈ స్తంభాన్ని నీటిరంగుల్లో దించాడు. ఇప్పుడు పరుగువీరుల వంతు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మహిళలకు తొలిసారి మారథాన్ పెట్టినప్పుడు గెలిచిన జోన్ బెనాయ్ ఈ ఊరి అమ్మాయే. ఆమె 1998లో ప్రారంభించిన 10 కిలోమీటర్ల 'బీచ్ టు బీకన్' పరుగు ఈ పార్కులోనే ముగుస్తుంది. ప్రపంచస్థాయి పరుగువీరులూ, ఊళ్లోని అమ్మమ్మలూ ఒకే గీత దాటుతారు.

పైకొస్తున్న సముద్రం

అందరిదీ అయినదాన్ని కాపాడటం తేలిక పని కాదు. 2024 జనవరిలో మూడు రోజుల తేడాతో రెండు తుఫాన్లు ఈ తీరాన్ని కొట్టాయి. జనవరి 13న పోర్ట్‌లాండ్‌లో పోటు 14.57 అడుగులకు చేరింది. 1912 నుంచి అక్కడ రాసిపెట్టిన కొలతల్లో అదే అత్యధికం. అంతకుముందు రికార్డు 1978 నాటిది. ఆ తుఫానుల్లో దీపస్తంభం దగ్గరి కట్టడాలకూ దెబ్బ తగిలింది. మెయిన్ సింధుశాఖ ప్రపంచ సముద్రాల్లో వేగంగా వేడెక్కుతున్న ప్రాంతాల్లో ఒకటి. దాని మీద బతికే లాబ్‌స్టర్ జాలర్ల చర్చల్లోనూ ఇదే బెంగ. వాళ్ల బోన్లకు కట్టిన రంగురంగుల తేలుడు బుడ్లు నీటి మీద కదులుతుంటే అందంగా ఉంటాయి. వాటి కింద ఉన్న బోన్లే ఆ ఇళ్ల సంపాదన.

ఇక్కడి రాళ్ల మీద నిలబడి ఎదురుగా చూస్తే రామ్ ఐలండ్ లెడ్జ్ అనే తిప్ప మీద ఇంకో దీపస్తంభం కనిపిస్తుంది. 1905లో వెలిగిన గ్రానైటు స్తంభం. చుట్టూ నీళ్లే. పొగమంచు పడితే అది ముందు మాయమవుతుంది, తర్వాత దీవులు, తర్వాత మన కాళ్ల దగ్గరి అలలు కూడా. అప్పుడు హారన్ మోగడం మొదలవుతుంది. ఆ మోత విన్నాక దీపం ఎందుకు కట్టారని ఎవరినీ అడగక్కర్లేదు.

వెళ్లాలనుకుంటే

బోస్టన్ నుంచి సుమారు రెండు గంటల కారు ప్రయాణం. పార్కు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా తెరిచి ఉంటుంది. ప్రవేశానికి రుసుము లేదు. సీజన్‌లో దీపస్తంభం దగ్గర బయటివాళ్ల కార్లకు పార్కింగ్ డబ్బు చెల్లించాలి. మ్యూజియం వెచ్చని నెలల్లో తెరుస్తారు. స్తంభం లోపలికి ఎక్కే అవకాశం మామూలు రోజుల్లో ఉండదు. సెప్టెంబరులో జరిపే మెయిన్ ఓపెన్ లైట్‌హౌస్ రోజున కొందరికి దొరుకుతుంది. కొండ అంచు నడక దారిని వదలకండి. తడి రాళ్లు జారతాయి, పెద్ద అల చెప్పి రాదు. వేసవి మొదట్లో ఒడ్డు గులాబీలు, అక్టోబరులో ఎర్రబడ్డ ఆకులు, తెల్లవారుజామున సముద్రంలోంచి లేచే సూర్యుడు: దేని కోసం వెళ్లినా స్వెట్టరు వెంట ఉండాలి. లాబ్‌స్టర్ తినని వాళ్లకు మెయిన్ అడవి బ్లూబెర్రీలతో చేసే 'పై' (pie) ఉంది.

మన ఒడ్డున ఉన్న దీపాలు

ఇదంతా చదివాక మన తీరం గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ డాల్ఫిన్స్ నోస్, కాకినాడ వాకలపూడి, అంతర్వేది, బందరు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మనకూ దీపస్తంభాలున్నాయి. భీమిలిలో అయితే లైట్‌హౌసు, డచ్చివాళ్ల సమాధులు, బీచ్ కాలినడక దూరంలోనే ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో దేశవ్యాప్తంగా 75 దీపస్తంభాల్లో పర్యాటక సదుపాయాలను కేంద్రం ప్రారంభించింది. మంచి అడుగు. దానికి ఫోర్ట్ విలియమ్స్ నేర్పే మాట ఒకటి జోడించాలి. సెల్ఫీ చోటు, కాఫీ కొట్టు, రంగు దీపాలు పెడితే జనం ఒకసారి వస్తారు. ఆ దీపాన్ని ఎవరు కాచారో, ఏ తుఫానులో ఏ పడవ దాన్ని చూసుకుని ఒడ్డుకు చేరిందో చెబితే, బడి పిల్లలను తీసుకొచ్చి చూపిస్తే, ఆ దీపం తమదని ఊరు అనుకుంటుంది. వేటకు వెళ్లి వచ్చిన మన పెద్దల దగ్గర ఇలాంటి కథలు ఇంకా ఉన్నాయి. ఇప్పుడే రాసుకోవాలి.

కేప్ ఎలిజబెత్ మనకంటే గొప్ప ఊరేం కాదు. ఒక చిన్న ఊరు సరైన సమయంలో, సముద్రం కనిపించే చోటు అందరిదీ అని నిర్ణయించుకుంది. దానికి డబ్బు పెట్టింది, అరవై ఏళ్లుగా ఆ మాట మీద నిలబడింది. ముక్కూమొహం తెలియని నావికుడి కోసం దీపం వెలిగించడం ఎంత మంచి ఆలోచనో, ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి కూర్చోవడానికి ఒడ్డును ఖాళీగా ఉంచడమూ అంతే మంచి ఆలోచన. మన తీరంలోనూ అలాంటి ఖాళీ ఇంకా మిగిలే ఉంది. దాన్ని అందరి పేరునా ఉంచే నిర్ణయం మన ఊళ్లు, మన పంచాయతీలు, మన ఓట్ల చేతిలో ఉంది.